ఏమీ వేయని మడి

బంగారయ్య మాట ఇచ్చాడంటే దానికి సాక్షి సంతకం అక్కరలేదని ఆ ఊళ్లో చిన్నా పెద్దా అందరికీ తెలుసు. కంచిలి నుంచి సముద్రం వైపు పోయే దారిలో, జీడితోటలు దాటిన తర్వాత, అడుగు వేస్తే మడమ దిగబడే ఇసుక నేలల మధ్య ఉన్న ఊరు అది. తిత్లీ తుఫానులో బంగారయ్యవి నలభై రెండు కొబ్బరిచెట్లు ఒక్క రాత్రిలో నేలకు ఒరిగాయి. తిరిగి నాటిన మొక్కలు కాపుకు రావాలంటే ఏళ్లు గడవాలి గనుక, ఆయన ఆ వరసల నడుమ ఖాళీలో వంగ వేయడం మొదలుపెట్టాడు. ఆయనను చూసి మరి ముప్పై ఇళ్లవారు వేశారు. ఏ ఎరువు వేయాలి, ఎంత వేయాలి, ఎప్పుడు వేయాలి అన్న ప్రశ్నలకు ఊరంతటికీ బంగారయ్యే సమాధానం. ఆయన చెప్పే సమాధానం కూడా ఎప్పుడూ ఒక్కటే. యూరియా.

అయితే రెండు పంటల నుంచి ఆ సమాధానం సరిగా పని చేయడం లేదు. మొక్కలు నడుము ఎత్తు పెరిగి, ఆకు నల్లగా నిగనిగలాడి, చూసేవారి కళ్లకు విందుగానే ఉన్నాయి. కాయ మాత్రం ఆలస్యంగా, అరకొరగా వస్తోంది. వచ్చిన కాయలో సగం పురుగు తొలిచేస్తోంది. బంగారయ్య ఇంకొంచెం యూరియా వేయమన్నాడు. ఊరు వేసింది. ఆకు ఇంకొంచెం నల్లబడింది.

సరిగ్గా ఆ సమయంలోనే రైతు సేవా కేంద్రానికి కొత్తగా వచ్చిన వ్యవసాయ సహాయకురాలు నీలిమ స్కూటీ మీద ఆయన పొలానికి వచ్చింది. ఆమెది టెక్కలి దగ్గర రావివలస. చదువుకున్న పిల్ల, మాట మెత్తగా ఉన్నా, పట్టిన విషయం వదిలే రకం కాదు.

"మొక్కకు నత్రజని కావాలండీ. అది ఏ సంచిలోంచి వచ్చిందన్నది మొక్క అడగదు. కానీ ఎంత త్వరగా అందుతుంది, ఎన్నాళ్లు నిలుస్తుంది అన్నది మాత్రం సంచిని బట్టే ఉంటుంది. మీ పొలంలో అయిదు మళ్లు నాకు ఇవ్వండి. ఒక్కొక్క దానికి ఒక్కొక్కటి వేసి చూద్దాం," అన్నది.

గట్టు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్న పోలారావు నవ్వాడు. అతడు బంగారయ్య భార్యకు తమ్ముడు; ఆమె పేరు పెద్దతల్లి. పక్క పొలం అతడిదే.

"మా బావ మొక్కలకి నోరు నేకపోబట్టి సరిపోనాది మేడమ్. ఉంటే ఈపాటికి టేసనుకెల్లి ఫిర్యాదిచ్చీసుండును."

"నీ మొక్కలయితే నీ దగ్గిర బతకనేక ముందే సచ్చిపోతన్నాయి గదరా," అన్నాడు బంగారయ్య, తల తిప్పకుండానే.

మడికి ఇరవై మొక్కల చొప్పున లెక్క కుదిరింది. నాలుగు మళ్లకూ పడే నత్రజని సమానంగా ఉండాలని నీలిమ తూకం వేసి తెచ్చింది. ఒకదానికి పావు కిలో యూరియా. ఇంకొకదానికి దాని రెట్టింపు కంటె కాస్త ఎక్కువ అమ్మోనియం సల్ఫేట్. మూడవదానికి నూనె ఆడగా మిగిలిన వేరుశనగ చెక్క, కిలోన్నర పైచిలుకు. నాలుగవదానికి ఇరవై మూడు కిలోల పశువుల గత్తం. పావు కిలో పొట్లాన్నీ, రెండు గంపల గత్తాన్నీ పక్కపక్కన పెట్టి, ఈ రెండింటిలో ఉన్న సారం ఒక్కటేనని ఆమె చెప్పినప్పుడు పోలారావు చుట్ట ఆర్పి మరీ దగ్గరకు వచ్చి చూశాడు.

"మరి అయిదో మడికేటమ్మా?" అని అడిగాడు బంగారయ్య.

"ఏమీ వేయం. నేల తనంతట తాను ఎంత ఇస్తుందో తెలియకపోతే, మనం వేసింది ఎంత పని చేసిందో ఎలా తెలుస్తుందండీ? మూడు నెలలు దాంట్లో చిటికెడు కూడా పడకూడదు. అది మీ పూచీ."

"చిటికెడు కూడా పడదు. నా మాట," అన్నాడు బంగారయ్య.

అన్నాడే గాని, తిండి పెట్టకుండా ఒక మడిని ఎండగట్టడం ఆయనకు మింగుడు పడలేదు. పొలం ఊరి బాట పక్కనే ఉంది. బాట మీద పోయే ప్రతి మనిషీ ఆగి, గట్టు మీద కాలు ఆనించి, ఏదో ఒక మాట అని గాని కదలకపోవడం ఆ ఊరి అలవాటు. పాలిపోయిన మడిని నలుగురూ చూసి బంగారయ్య పంట దెబ్బతిన్నదని చెప్పుకోవడం ఆయన సహించలేడు. అందుచేత ఆ అయిదో మడికి బాట నుంచి అన్నిటికంటె దూరంగా, పొలం లోపలి మూలన, పంపు పక్కన చోటు చూపించాడు. నీలిమకు అభ్యంతరం కనబడలేదు. ఏ మడికి ఏ చోటైనా ఒకటే ఇసుక కదా అనుకున్నది.

ఆ పంపు దగ్గరకు ప్రతి ఉదయమూ జోగమ్మ వస్తుంది. సముద్రపు ఒడ్డున ఉన్న వేటగాళ్ల పల్లె నుంచి కొడుకు తెచ్చిన చేపలను అల్యూమినియం గిన్నెలో పెట్టి, తల మీద మోసుకుని మైలున్నర నడిచి వస్తుంది. దారిలో మొదటగా దొరికే మంచినీళ్లు బంగారయ్య పంపువే. అక్కడ కూర్చుని, కత్తిపీట ముందు పెట్టుకుని, వాడుకగా కొనే నాలుగు ఇళ్లకు చేపలు కోసి, పొలుసు తీసి, కడిగి పెడుతుంది. బంగారయ్య ఇంటికి ఇచ్చే చేపకు బదులు వంకాయలు తీసుకుంటుంది. ఆమె తల్లి ఎర్రమ్మ కూడా అంతే చేసేది. అప్పుడు పంపు లేదు, ఇసుకలో తవ్విన నుయ్యి ఉండేది. పంపు మీద వాలే కాకిని ఎంత పట్టించుకుంటామో, పంపు దగ్గర కూర్చున్న జోగమ్మను కూడా బంగారయ్య అంతే పట్టించుకునేవాడు.

నారు నాటిన నెల తిరగకుండానే యూరియా మడి అన్నిటినీ దాటిపోయింది. బంగారయ్య బాట మీద పోయేవారిని పిలిచి మరీ చూపించాడు. తర్వాత రెండు రోజులు గట్టి వాన కురిసింది. ఆ ఇసుక నీటిని నిలబెట్టదు. నీటితో పాటు దిగిపోయేదాన్ని కూడా నిలబెట్టదు. వారం లోపల యూరియా మడిలో కింది ఆకులు పసుపు తిరిగాయి. పావు కిలోలో ఆపి ఉంచిన సగాన్ని రెండవ దఫాగా వేశారు. మళ్లీ నల్లబడింది, మళ్లీ ఎత్తు పెరిగింది, లేత కొమ్మల్లోకి పురుగు కూడా వచ్చి చేరింది. అమ్మోనియం సల్ఫేట్ మడి దాని వెనకనే కాస్త నెమ్మదిగా నడిచింది. వేరుశనగ చెక్క వేసిన మడిలో మొదటి మూడు వారాలు చీమలు తప్ప మరేమీ కనబడలేదు. ఆ తర్వాత మొక్క తొందరపడకుండా, ఆగకుండా పెరిగింది. గత్తం మడి పొట్టిగా, గట్టిగా ఉండిపోయింది.

విచిత్రమంతా అయిదో మడిలో జరిగింది. అది పాలిపోలేదు. నల్లగా నిగనిగలాడనూ లేదు. నిదానమైన ఆకుపచ్చ రంగులో నిలబడి, అన్నిటికంటె ముందు పూత పూసింది. మొదటి కోతలోనే రెండు కిలోలు దాటింది.

నీలిమ ఆ మడి చుట్టూ రెండుసార్లు తిరిగి, వంగి మట్టి చేతిలోకి తీసుకుని చూసింది.

"బంగారయ్యగారూ, దీంట్లో ఏమైనా..."

"నా మాట సెప్పినాను గదమ్మా," అన్నాడాయన. పార తీసుకుని అవతలి మడిలోకి వెళ్లిపోయాడు.

ఆమె ప్రతి మడి నుంచీ ఆకులు కోసి, కవర్లలో పెట్టి, పలాస బస్సులో పరీక్షకు పంపించింది. ఫలితం వచ్చాక కాగితం తెచ్చి ఆయన ముందు పెట్టింది. అయిదో మడి ఆకుల్లో నత్రజని వేరుశనగ చెక్క మడితో సమానంగా ఉంది. పొటాష్ కూడా తక్కువ కాలేదు.

"నేలలోంచి ఇంత రాదండీ. నాటక ముందే మట్టి పరీక్ష చేయించాను. ఎక్కడి నుంచో వచ్చింది," అన్నది మెల్లగా.

ఎవరో తన మాటకు తూట్లు పొడుస్తున్నారని బంగారయ్యకు ఆ క్షణాన నిశ్చయమయింది. ఎవరో కూడా నిశ్చయమయింది. నేరుగా పోలారావు ఇంటికి వెళ్లి అరుగు ముందు నిలబడ్డాడు.

"ఏరా, పరాసికానికి ఒక హద్దుండాల. నా అయిదో మడిలో ఏటేత్తన్నావు?"

పోలారావు అన్నం తింటున్నవాడు చేయి పైకెత్తాడు. "బావా, నా మడికి ఎయ్యడానికే నా దగ్గిర నేదు. నీ మడికి దొంగతనంగా తెచ్చి ఏత్తానా? అంత పేముంటే ముందు మా యప్పకే సీర కొనిపెడుదును."

లోపలి నుంచి పోలారావు భార్య నవ్వు వినిపించింది. బంగారయ్య వెనుదిరిగాడు. మరునాడు జీడికొమ్మలు నరికి అయిదో మడి చుట్టూ మూడు వైపులా కంచె కట్టాడు. నాలుగో వైపు పంపు ఉన్నది గనుక కట్టలేదు. సాయంత్రాలు ఆ పక్కనే నులకమంచం వేసుకుని కాపలా కూర్చున్నాడు. ఒక్క మనిషీ రాలేదు. మడి మాత్రం కాస్తూనే ఉంది.

డిసెంబరు మొదట్లో బంగాళాఖాతంలో వాయుగుండం పడిందన్నారు. వేటకు పోవద్దని హెచ్చరిక వచ్చింది. పడవలన్నీ ఒడ్డుకు లాగి తాళ్లు కట్టారు. వాన రాలేదు, మబ్బు వేసి చలిగాలి వీచింది, అంతే. ఎనిమిది రోజుల పాటు ఊళ్లో ఏ ఇంటా చేపల కూర వండలేదు.

ఏడో రోజున బంగారయ్య అయిదో మడిలో చిగుళ్లు పాలిపోవడం చూశాడు. మబ్బుకు అలా అయిందనుకున్నాడు. పక్కనున్న గత్తం మడికి వెళ్లి చూశాడు. అక్కడ చిగుళ్లు మామూలుగానే ఉన్నాయి. ఒకే మబ్బు, ఒకే గాలి, ఒకే నీరు. ఆయనకు అర్థం కాలేదు గాని, లోపల ఏదో తట్టినట్టయి మంచం పంపు దగ్గరకు ఇంకా జరుపుకుని, పొద్దుటి పూట కూడా అక్కడే కూర్చోసాగాడు.

తొమ్మిదో రోజు ఉదయం జోగమ్మ వచ్చింది. గిన్నె దించి, పంపు తిప్పి, చేపలు కోయడం మొదలుపెట్టింది. పేగులు కాకులకు విసిరింది. పొలుసు గీసి, చేపలను రెండుసార్లు కడిగి, ఎర్రగా నురుగు తేలిన ఆ నీళ్లను పక్కకు ఒంపింది. నీళ్లు పంపు గట్టు దాటి, సన్నని కాలువ పట్టుకుని, తిన్నగా అయిదో మడి మొదట్లోకి వెళ్లి ఇసుకలో ఇంకిపోయాయి. ఆమె రెండో ఇంటి చేపలు తీసింది. మళ్లీ కడిగింది. మళ్లీ ఒంపింది.

బంగారయ్య మంచం మీద నుంచి లేచాడు.

"జోగమ్మా, ఆ నీళ్లు రోజూ ఇక్కడే పోత్తన్నావేటి?"

జోగమ్మ కత్తిపీట మీద నుంచి తల ఎత్తింది. "మా యమ్మ కాణ్ణుంచీ ఇక్కడే పోత్తన్నాం మావ. నీకిప్పుడు కళ్లొచ్చినాయేటి?"

"ఎన్ని బిందెలు పోత్తావు?"

"ఎవులు లెక్కెడతారు? నాలుగో, అయిదో. ఏటి, నీ నీళ్లు తరిగిపోతన్నాయా? అలాగయితే సెప్పు, రేపట్నించి కడక్కుండా మట్టితోటే ఇచ్చీత్తాను, పెద్దతల్లి నీకలాగే వొండి పెడతాది."

బంగారయ్య కాలువ వెంబడి నడిచి, మడి మొదట్లో కూర్చుని, వేలితో ఇసుక కెలికాడు. బెత్తెడు లోతున ఎండిన పొలుసులు మెరిశాయి. ఇన్నాళ్లూ తాను కాపలా కాసిన కంచెకు వదిలిన నాలుగో వైపు అదే. ఆ మూలను ఎంచుకున్నదీ తానే. పాలిపోయిన మడి నలుగురి కంటా పడకూడదనే పట్టుదలతో తీసుకువెళ్లి, ఊళ్లో రోజూ ఎరువు పడే ఒకే ఒక చోట దాన్ని పెట్టాడు.

రైతులందరినీ పిలిచి ఫలితాలు చెప్పే సభ మరునాడే.

ఆ సాయంత్రం పెద్దతల్లికి సంగతంతా చెప్పాడు. ఆమె చేటలో బియ్యం చెరుగుతూ విన్నది.

"సెప్పకపోతే ఎవులికీ తెలీదు," అన్నది. "సెప్తే నీ మాట పోతాది. ఆ పిల్ల మూడు నెల్లు తిరిగింది కూడా పోతాది."

"అవును."

"సెప్పకపోతే మా తమ్ముడు మునుగుతాడు."

బంగారయ్య ఆమె వైపు చూశాడు.

"ఏటీ ఎయ్యకపోతేనే కాపు బాగున్నాదని ఊరంతా సెప్తన్నాడు. అరెకరానికి నారు పెంచి పెట్టినాడు. ఎల్లుండి నాటుతాడట. గత్తం కూడా తోలించుకోనంటన్నాడు. నీ మడే సాచ్చెమట." ఆమె చేట దులిపి లేచింది. "నానేటీ సెప్పను. మాటిచ్చింది నువ్వు."

మరునాడు పొలం పక్కన షామియానా వేశారు. పలాస నుంచి పెద్ద అధికారి జీపులో వచ్చాడు. యాభై మంది దాకా రైతులు కూడారు. నీలిమ చార్టు కట్టి, మడి మడికీ కోతల మొత్తం చదివింది. యూరియా పద్నాలుగు కిలోలు. అమ్మోనియం సల్ఫేట్ పదిహేను. గత్తం పదహారు. వేరుశనగ చెక్క పంతొమ్మిది. కొంచెం ఆగి, ఏమీ వేయని మడి ఇరవై ఒకటి అన్నది. ఈ ఫలితానికి కారణం తనకు ఇంకా తెలియలేదనీ, మరొకసారి పరీక్షించాలనీ కూడా అన్నది. ఆ చివరి మాట ఎవరూ వినలేదు. అప్పటికే జనం గోల చేస్తున్నారు.

పోలారావు లేచి నిలబడ్డాడు. "ఇంకా పరీచ్చ దేనికండీ? ఇన్నాళ్లూ మా బావ మాట ఇని సంచులు మోసినాం. ఇప్పుడు మా బావ మడే సెప్తంది, ఏటీ అక్కర్నేదని. నానయితే రేపు ఉత్త ఇసకలోనే నాటుతున్నాను."

కొందరు చప్పట్లు కొట్టారు. తానూ అంతేనని వెనక నుంచి ఒకరిద్దరు అన్నారు. అధికారి కలం తీశాడు.

బంగారయ్య కండువా తీసి భుజం మీద సర్దుకుని లేచాడు. ఆయన లేస్తే సభ దానంతట అదే నిశ్శబ్దమయింది; ఆయన ఎప్పుడు లేచినా అంతే. ఈసారి అది ఆయనకు భారంగా ఉంది.

"అయిదో మడికి ఏటీ ఎయ్యనేదన్న మాట అబద్ధం," అన్నాడు. "అందులో సిటికెడు కూడా పడదని నాను మాటిచ్చినాను. రోజూ పడింది. జోగమ్మ సేపలు కడిగిన నీళ్లు రోజుకి నాలుగైదు బిందెలు అందులోకే పోతన్నాయి. మూడు నెల్లు నా కళ్లెదుటే పోనాయి. నాను సూడనేదు. ఎనిమిది రోజులు ఏట ఆగితే ఆ మడి పాలిపోనాది. అప్పుడు సూసినాను. తప్పు జోగమ్మది గాదు. ఆ మూల ఇచ్చింది నాను. పోలారావూ, నువ్వు ఉత్త ఇసకలో నాటితే నీ నారు సచ్చిపోతాది."

ముందుగా పోలారావే అందుకున్నాడు.

"అంటే బావా, నువ్వు మంచమేసుకుని కాపలా కాసింది ఎరువు సరిగ్గా పడతన్నాదా నేదా అనా?"

షామియానా కింద నవ్వు పుట్టి, అంచుల దాకా పాకింది. బంగారయ్య నవ్వలేదు. కూర్చోనూ లేదు. నీలిమ ఏమంటుందో విని కూర్చుందామని నిలబడి ఉన్నాడు.

నీలిమ ముఖం ఎర్రబడింది. ఎర్ర పెన్ను తీసి చార్టు మీద అయిదో గడిని అడ్డంగా కొట్టేసింది. మూడు నెలల పనిలో పోల్చి చూడడానికి ఉన్న ఒకే ఒక ఆధారం దాంతో పోయింది. ఆమె అధికారి వైపు తిరిగి, "సార్, ఆ పంపు దగ్గర నేనూ రోజూ నిలబడ్డాను. చేపల నీళ్లు తొక్కానని చెప్పులు కడుక్కున్నాను కూడా. తప్పు ఆయన ఒక్కరిదేనని రాయకండి," అన్నది.

అధికారి కలం మూయలేదు. నీళ్లు రోజూ ఒకే వేళకు పడేవా అని బంగారయ్యను అడిగాడు. పడేవని ఆయన చెప్పాడు. ఒకేసారి ఎక్కువ ఎప్పుడైనా పడిందా అని అడిగాడు. లేదన్నాడు. అధికారి నీలిమ వైపు చూశాడు. ఆమె అప్పటికే చార్టు ముందు నిలబడి కొట్టేసిన గడినే చూస్తోంది.

"ఈ ఇసుక దేన్నీ దాచుకోలేదు," అన్నది నెమ్మదిగా, రైతులకు చెబుతున్నట్టు కాక తనకు తాను చెప్పుకుంటున్నట్టు. "యూరియా రెండుసార్లుగా వేశాం. మొక్క తాగినంత తాగింది, మిగిలింది వానతో దిగిపోయింది. చెక్క నెమ్మదిగా కరిగింది కనుక కొంత నిలిచింది. ఈ నీళ్లు రోజూ కొంచెం కొంచెం పడ్డాయి. మొక్క ఎప్పటికప్పుడు అందుకుంది. మనం ఏది వేశామన్నదే చూశాం. ఎన్నిసార్లుగా వేశామన్నది చూడలేదు."

"అయితే ఇప్పుడేటి ఎయ్యమంటావు బంగారయ్యా?" అని వెనక నుంచి ఎవరో అలవాటు కొద్దీ ఆయననే అడిగారు.

"నాకు తెలీదు," అన్నాడు బంగారయ్య. ఆ ఊళ్లో ఆ ప్రశ్నకు ఆయన ఆ జవాబు చెప్పడం అదే మొదటిసారి. "తెలిసే దాకా పోలారావు చెక్కేసి నాటుతాడు. మిగతాది మళ్లీ మళ్లు కట్టి సూద్దాం."

పోలారావు గొణిగాడు గాని, చెక్క వేసే నాటాడు.

సంక్రాంతి దాటాక నీలిమ మళ్లీ తూకం పట్టుకుని వచ్చింది. ఈసారి యూరియా రెండు మళ్లకు: ఒకదానికి రెండు దఫాలుగా, ఇంకొకదానికి అదే పావు కిలోను పది భాగాలు చేసి వారం వారం. చెక్క ఒక మడికి. పంపు పక్క మడికి చేపల నీళ్లు, బిందె లెక్కన. ఆ లెక్క పెట్టే పని జోగమ్మకే అప్పగించారు. ఆమె పంపు గట్టు మీద బొగ్గుతో గీతలు గీస్తూ, గీతకు ఒక వంకాయ చొప్పున ఎక్కువ కావాలని మొదటి రోజే తేల్చి చెప్పింది. పెద్దతల్లి రెండు గీతలకు ఒకటి అని బేరమాడింది.

ఏమీ వేయని మడికి చోటు చూపించమని నీలిమ అడిగినప్పుడు బంగారయ్య ఆలోచించలేదు. తిన్నగా నడిచి వెళ్లి, ఊరి బాటను ఆనుకుని ఉన్న చోట పార గుచ్చాడు.

నెల తిరిగేసరికి ఆ మడి అనుకున్నట్టే పాలిపోయింది. ఆకులు చిన్నవై, కింది వరస పసుపెక్కి, ఇరవై మొక్కలూ నీరసంగా నిలబడ్డాయి. బాట మీద పోయే ప్రతివాడూ ఆగి, గట్టు మీద కాలు ఆనించి, చూసి, నాలుక చప్పరించాడు. బంగారయ్య పొలంలో ఎక్కడున్నా లేచి వచ్చేవాడు.

"ఇదేటి బంగారయ్యా, ఈ మడి ఇలగయిపోనాది? ఏటేసినావు?"

"ఏటీ ఎయ్యనేదు," అనేవాడు ఆయన. "నా మాట."